కొట్టుకునే హ్యామ్‌స్టర్లు: మధ్యలో జాలీయా, వేరే పంజరమా?

ఎలుకలాంటి ఈ చిన్న పెంపుడు జంతువుల్లో సిరియన్ జాతికి ఈ ప్రశ్నే లేదు. సుమారు 8 వారాలు దాటితే తోబుట్టువులనైనా విడదీయాల్సిందే. సందేహమంతా మరుగుజ్జు జాతులతోనే.

పంజరం మధ్యలో తీగజాలీ బిగిస్తే చోటు, ఖర్చు కలిసొస్తాయి. కానీ అవతలిదాని వాసన పోదు. రెండూ జాలీ దగ్గరే కాపు కాసి, కన్నాల్లోంచి కాలివేళ్లు, ముక్కు కొరుక్కుంటాయి. తిరిగే చోటూ సగమే. కన్నాల్లేని అక్రిలిక్ పలక కొంత నయం, అదీ ఒకటి రెండు రోజులకే.

వేరే పంజరమైతే పరిగెత్తే చక్రం, నీళ్ల సీసా, గూడు అన్నీ రెండేసి కొనాలి. కనీసం 15 సెం.మీ. మందాన కొత్త పరుపు (కింద పరిచే పొట్టు) వేయండి; పాతదాంట్లో ప్రత్యర్థి వాసన ఉంటుంది. మార్చేటప్పుడే పొట్ట, పిరుదుల దగ్గర బొచ్చు విడదీసి గాయాలు చూడండి. ఆడా మగా కలిసి ఉన్నవైతే, కనీసం మూడు వారాలపాటు ఆడదాన్ని కనిపెట్టి ఉండాలి, పిల్లలు పుట్టవచ్చు.