డైవర్షన్ ఒప్పందమా, నేరాంగీకారమా: పోలీసు ఉద్యోగం దృష్ట్యా పోలిక

అమెరికాలో చిన్న కేసులో తొలిసారి చిక్కుకున్నవారి ముందు తరచుగా రెండు దారులుంటాయి: నేరం ఒప్పుకొని తక్కువ శిక్షతో బయటపడడం, లేదా విచారణకు ముందే డైవర్షన్ ఒప్పందంపై సంతకం చేసి, కౌన్సెలింగ్, సమాజసేవ వంటి షరతులు నెరవేర్చి, కేసు కొట్టివేయించుకోవడం. మొదటిది త్వరగా తేలుతుంది కానీ, దోషి అన్న ముద్ర మిగులుతుంది. గృహహింసకు సంబంధించిన చిన్నస్థాయి నేరంలో, అంటే మిస్‌డిమీనర్‌లో దోషిగా తేలినవారు తుపాకీ కలిగి ఉండరాదని అమెరికా తుపాకీ చట్టానికి చేసిన 1996 నాటి లాటెన్‌బర్గ్ సవరణ నిషేధించింది. ఇందులో పోలీసులకు సైతం మినహాయింపు లేదు. తుపాకీ పట్టలేనివారిని గస్తీకి ఎవరు తీసుకుంటారు?

డైవర్షన్‌లో సాధారణంగా దోషనిర్ధారణ ఉండదు. అయితే కొన్నిచోట్ల ముందుగా నేరం ఒప్పుకోవలసి వస్తుంది కనుక, ఒప్పందంలో ఆ వాక్యం ఉందేమో సంతకానికి ముందే చూసుకోవాలి. కాలిఫోర్నియాలో షరతులన్నీ పూర్తిచేస్తే అరెస్టు జరగనట్టే పరిగణిస్తారు. కానీ పోలీసు ఉద్యోగ దరఖాస్తులో దాని గురించి సూటిగా అడిగితే చెప్పి తీరాలని ఆ రాష్ట్ర చట్టమే అంటోంది. నా దృష్టిలో డైవర్షనే మేలు, దాచిపెట్టనంతవరకు. నేపథ్య విచారణాధికారి పాత కేసునైనా మన్నించవచ్చు గానీ, దరఖాస్తులో ‘లేదు’ అని రాసిన గడిని మన్నించడం అరుదు.