రస్ట్ మాక్రోలతో నాలుగేళ్లు: పత్తి కాంటా దగ్గర ఒక తెలుగు ప్రయోగం

హనుమకొండలో ఉంటూ, చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు కాంటా లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. నాలుగేళ్లుగా రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. ఇలాంటి షరతులు గుమాస్తా కూడా చదివి సరిచూసేలా తెలుగులో రాసి, కంపైల్ అయ్యేటప్పుడే, అంటే ప్రోగ్రామ్ తయారయ్యే దశలోనే, మాక్రో అనే సాధనంతో కోడ్‌గా మార్చాలని నా ఆశ. తప్పుంటే బిల్డ్‌లోనే తెలియాలి, బండ్లు వరుసకట్టాక కాదు.

కోడ్‌లో తెలుగు పేర్లకు 2021లో వచ్చిన రస్ట్ 1.53 వెర్షన్ నుంచే అనుమతి ఉంది. చిక్కంతా వాక్యంతోనే. ‘తేమ 8 దాటితే కోత’ అనే వరుసను మాక్రో రూల్స్‌లో పెట్టి, 8 ఉన్న చోట ఏ లెక్కైనా రావచ్చని ‘ఎక్స్‌ప్రెషన్’ అన్నాను. మాక్రో నిర్వచనం దగ్గరే కంపైలర్ ఆపేసింది. ఎక్స్‌ప్రెషన్ తర్వాత కామా, సెమికోలన్, బాణం గుర్తు తప్ప ఇంకేదీ రాకూడదట. రేపు భాషలోకి కొత్త వ్యాకరణం వచ్చినా పాత మాక్రోలు చెడిపోకూడదని ఆ కట్టడి. న్యాయమే. కానీ మనకు విలువ ముందొస్తుంది. దాటితే, నుంచి, వరకు దాని వెనకాలే వస్తాయి. సరే అని కామా పెట్టి చూపిస్తే గుమాస్తా, "నడుమ గీ కామా ఎందుకు సార్?" అన్నాడు.

‘లిటరల్’ అని మారిస్తే కామా బెడద పోయింది. దాని వెనక ఏదైనా రావచ్చు. కాకపోతే ఉత్త అంకెలే. 8 + 1 అని రాయాలంటే టోకెన్ ట్రీగా (ఒక్క పదంగా లేదా ఒక బ్రాకెట్ల గుత్తిగా) పట్టుకుని చుట్టూ బ్రాకెట్లు పెట్టాలి.

చివరికి ప్రొసీజరల్ మాక్రోకు, అంటే వాక్యాన్ని చదివి కోడ్‌గా మార్చే పనిని మనమే రస్ట్‌లో రాసుకునే రకానికి, మారాను. దానికి వేరే క్రేట్ (ప్యాకేజీ) కట్టాలి, వాక్యాన్ని విడదీసే సిన్, కోడ్ పుట్టించే కోట్ లైబ్రరీలు నేర్చుకోవాలి, మొదటి బిల్డ్‌కు ఓపిక పట్టాలి. వాక్యం మాత్రం మన వరుసలోనే నిలిచింది. తప్పు పడ్డ పదం కిందే గీత వస్తుంది, అది నాకు బాగా నచ్చింది. లోపలి కోడ్‌ను ఫార్మాటర్ సర్దదు, చేత్తో సర్దుకోవాల్సిందే.

నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది వేరే. ‘క్వింటాల్‌ధర’ అని రాస్తే కంపైలర్ ఒప్పుకోలేదు. చూడ్డానికి ఏ తప్పూ లేదు. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా నా కీబోర్డు తనంతట తానే చొప్పించే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను రస్ట్ పేర్లలో అనుమతించదు. పదాలను టోకెన్లుగా విడదీసే దగ్గరే ఆగిపోతుంది, నా మాక్రో దాకా రానే రాదు. ఎంత తెలివైన మాక్రో రాసినా ఏం లాభం? వాక్యం మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెడితే నడుస్తుంది గానీ, అప్పుడు తప్పు ఏ పదంలో ఉందో చూపకుండా వాక్యమంతటి కిందా గీత పడుతుంది.

రొటీన్ కోడ్‌ను తామే రాసిపెట్టే డిరైవ్ మాక్రోలు రోజూ వాడతాను, వాటిపై ఫిర్యాదు లేదు. సొంత వాక్యాలు కట్టుకునేవాళ్లు మాత్రం ముందు ఒక పేపర్ మీద పది షరతులు రాసి, పొల్లు పదాలు లెక్కపెట్టుకోండి. నేనిప్పుడు ‘క్వింటాల్_ధర’ అని రాస్తున్నాను. గుమాస్తా ఆ గీత చూసి, "గీడ ఏమన్న నింపాల్నా?" అని అడుగుతున్నాడు.