ఒళ్లు వెచ్చగానే ఉంది, గొట్టాలే గడ్డకట్టాయి

జనవరిలో మోటార్‌హోమ్ (మంచాలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఏడు రాత్రులు తిరిగాం. అమెరికాలోని లాస్ వేగాస్‌లో బండి ఎక్కి జయాన్, బ్రైస్ కాన్యన్ పార్కులు, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు చూసుకుని మళ్లీ అక్కడే దిగాం. నేను, మా ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి, మా అక్కయ్య భర్త, మొత్తం నలుగురం. బావగారు ముప్పై ఏళ్లు విద్యుత్తు పనిలో ఉండి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. బయలుదేరే ముందే తేల్చేశారు: "చలిదేముందోయ్, రెండు హీటర్లు పెట్టుకుంటే సరి." ఆ మాట ఎంతవరకు నిజమో మూడో రాత్రి తెలిసింది.

ముందు అద్దె సంస్థ గురించి. బండి శుభ్రంగా ఉంది, టైర్లు కొత్తవి, ఇంజను పెట్రోలుది. డీజిలు చలికి చిక్కబడిపోతుందన్న బెంగ మాకు లేదు. అప్పగించేటప్పుడు టీవీ, ఫ్రిజ్, మడత మంచాలు చూపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నీళ్ల సంగతికి రెండే నిమిషాలు. ఉష్ణోగ్రత సున్నా కిందికి వెళ్లి గొట్టాలు పగిలితే ఖర్చు మీదేనని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. పగలకుండా ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడైతే మూడు సంగతులు అడుగుతాను: ట్యాంకులు మూసిన అరలో ఉన్నాయా, బండి అడుగున గాలికి వేలాడుతున్నాయా; ఫర్నేస్ (బండిని వెచ్చబరిచే గ్యాస్ యంత్రం) వేడిగాలి ఆ అరలోకి వెళుతుందా; నీళ్లన్నీ వదిలేసే కుళాయిలు ఎక్కడున్నాయి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని వాళ్ల దగ్గర చలికాలంలో బండి తీసుకోను.

మొదటి రెండు రాత్రులు జయాన్ పార్కులోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో. ఎత్తు సుమారు 4,000 అడుగులు. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలం తీసుకున్నాం. మంచినీళ్లు అందరికీ ఉమ్మడి కుళాయి దగ్గర పట్టుకోవాలి, మురుగు వదలడానికి వేరే చోటు ఉంది. స్నానాల గదులు లేవు. జనరేటర్లు వేయనివ్వరు కాబట్టి రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది, నదీ ప్రవాహం వినిపిస్తుంది. రాత్రి మైనస్ 2 దాకా దిగింది, పొద్దున తొమ్మిదయ్యేసరికి మళ్లీ స్వెటర్ తీసేసే ఎండ. నాలుగైదు గంటలు సున్నాకు కాస్త కింద ఉన్నంత మాత్రాన 150 లీటర్ల ట్యాంకు గడ్డకట్టదు. చలికాలపు మోటార్‌హోమ్ జీవితాన్ని మొదటిసారి రుచి చూసేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మా నమ్మకం అతిగా పెరిగింది కూడా ఇక్కడే.

జయాన్ నుంచి బ్రైస్‌కు దగ్గరి దారి 1930లో తెరిచిన సొరంగం గుండా వెళుతుంది. ఎత్తైన బండ్లకు అక్కడ ఆంక్షలున్నాయి, అవి మారుతూ ఉంటాయి. ముందుగా పార్కు వెబ్‌సైటులో చూసుకోవాలి. మేం చుట్టుదారి పట్టాం. రోడ్డు మీద మంచు తీసేసి ఉంది కానీ కనుమలో ఎదురుగాలికి బండి పడవలా ఊగింది.

బ్రైస్‌లో దిగింది పార్కుకు దగ్గర్లోని ఒక ప్రైవేటు స్థలంలో. పేరు రాయను, ఎందుకంటే మనుషులు మంచివాళ్లే. బుకింగ్‌లో మాత్రం "నీళ్లు, కరెంటు, మురుగు మూడూ ఉన్నాయి" అని రాశారు. వెళ్లి చూస్తే ప్రతి స్థలంలోనూ నీళ్ల కుళాయి కట్టేసి, మీద బకెట్టు బోర్లించి ఉంది. ఆఫీసు పక్కన ఉన్న ఒకే ఒక్క కుళాయి పనిచేస్తుంది. చలిప్రాంతాల్లో ఇది మామూలేనని తర్వాత తెలిసింది, ముందే చెప్పి ఉంటే దారిలోనే ట్యాంకు నింపుకునేవాళ్లం. చీకట్లో, మోకాలి లోతు మంచులో గొట్టం ఈడ్చుకుంటూ నింపుకున్నాం.

ఆ రాత్రి బావగారి సిద్ధాంతం అమలైంది. 1,500 వాట్ల హీటర్లు రెండు. 30 ఆంపియర్ల కనెక్షన్ మీద దొరికేది 3,600 వాట్లు, అందులో 3,000 వీటికే పోయింది. మా ఆవిడ మైక్రోవేవ్ వేయగానే బ్రేకర్ పడింది. చీకట్లో అందరం ఒకరినొకరు తిట్టుకున్నాక, మైక్రోవేవ్ మానేయాలని తీర్మానమైంది. లోపల 21 డిగ్రీలు. ప్రొపేన్‌తో నడిచే ఫర్నేస్ ఒక్కసారీ మోగలేదు. గ్యాస్ మిగిలిందని బావగారు మురిసిపోయారు. హాయిగా నిద్రపోయాం. బయట మైనస్ 14.

పొద్దున వంటగది కుళాయి తిప్పితే ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. పంపు గుర్రుమని ఆగిపోయింది. చుక్క రాలేదు.

పక్క స్థలంలో ఒక పెద్దాయన ఉన్నాడు, చలికాలమంతా బండిలోనే గడుపుతాడట. మా హడావుడి చూసి కాఫీ కప్పుతోనే వచ్చాడు. కుళాయి వైపు చూడనే లేదు. "రాత్రి మీ ఫర్నేస్ తిరిగిందా?" అని అడిగాడు. లేదని బావగారు కాస్త గర్వంగానే చెప్పారు. ఆయన నవ్వి, గది వేడిని బట్టి ఫర్నేస్‌ను వేసి ఆపే గోడ మీది థర్మోస్టాట్‌ను వేలితో తట్టాడు.

అప్పుడు అర్థమైంది. మా బండిలో ట్యాంకులు, వాటి గొట్టాలు నేల కింద మూసిన అరలో ఉన్నాయి. ఆ అరను వేడిచేసేది ఫర్నేస్ గాలి మాత్రమే, అందులో ఒక పాయ కిందికి పోతుంది. థర్మోస్టాట్ ఉన్నదేమో పైన గదిలో. హీటర్లు గదిని వెచ్చగా ఉంచినంతసేపూ దానికి చలి తెలియదు, ఫర్నేస్‌ను లేపదు. పైన మనం దుప్పట్లు తన్నేస్తుంటే కింద గొట్టాలు బిగుసుకుపోతుంటాయి. మనుషుల్ని వెచ్చగా ఉంచడం, నీళ్లను నీళ్లుగా ఉంచడం రెండు వేర్వేరు పనులని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో, ఇంట్లో ఇంజనీరు ఉన్నారు కదా.

కరిగించడానికి రెండుంపావు గంటలు పట్టింది. పంపు ఆపేశాం. కుళాయిలు తెరిచే ఉంచాం, కరిగిన నీరు పోవడానికి దారి ఉండాలి. ఫర్నేస్ 23కు పెట్టి, సింకు కింది అలమారా తలుపులు, మంచాల కింది అరల మూతలు అన్నీ తీసేశాం. బయటి గోడను ఆనుకుని వెళ్లే గొట్టాలకు గది వేడి తగలాలంటే అదొక్కటే మార్గం. మూలల్లో హెయిర్ డ్రయర్‌తో ఊదాం. మంట దగ్గరికి తేవద్దని పెద్దాయన గట్టిగా చెప్పాడు, ప్లాస్టిక్ గొట్టాలు, పక్కనే చెక్క. మొదట స్నానాలగది కుళాయి, ఆ తర్వాత వంటగదిది కక్కుతూ కక్కుతూ మొదలయ్యాయి. అందరం చప్పట్లు కొట్టాం.

ఆయన కొట్టలేదు. బండి చుట్టూ వెనక్కి నడిచి, పక్కగోడలో ఉన్న చిన్న తలుపు తీశాడు. ఎండాకాలంలో కాళ్లు కడుక్కోవడానికి బయటి షవర్ ఉంటుంది, అది అక్కడ ఉంది. మాకైతే అదొకటి ఉందనే గుర్తులేదు. తలుపు మందం ఒక ప్లాస్టిక్ పళ్లెమంత. వెనక ఏ రక్షణా లేదు. తెల్లటి ప్లాస్టిక్ కుళాయి కింది వైపు వెంట్రుకంత గీత. చూస్తుండగానే ఆ గీత మీద ఒక బొట్టు ఊరింది, లావెక్కింది, జారింది, వెంటనే మరొకటి. గడ్డకట్టి ఉన్నంతసేపూ పగులు తెలియదు, మంచే దానికి బిరడా. కరిగాకే బయటపడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మెత్తటి గొట్టం కొంతవరకు సాగి ఓర్చుకుంటుంది కానీ గట్టి ప్లాస్టిక్ కుళాయిలు, కీళ్లు ఓర్చుకోలేవు. పెద్దాయన పెట్టెలోంచి అర అంగుళం మూతలు రెండు తీసి ఇచ్చాడు. బావగారు కుళాయి విప్పేసి, వాటిని బిగించారు. ఆ రోజు ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం వెళ్లి బ్రైస్ చూశాం. ఎర్రటి రాతి స్తంభాల తలల మీద తెల్లటి మంచు, కింద నీలి నీడలు, చుట్టూ చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. ఏడాదిలో సగం రోజుల దాకా అక్కడ రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం జరుగుతుందట. రాతి పగుళ్లలో దూరిన నీరు అలా ఉబ్బి ఉబ్బి చీల్చగా మిగిలినవే ఆ స్తంభాలు. "మన కుళాయి కూడా ఇలాగే అయింది కదా నాన్నా" అంది మా అమ్మాయి. అవును, కాకపోతే మాకు ఒక్క రాత్రే పట్టింది.

బ్రైస్‌లో రెండో రాత్రి పద్ధతి మార్చాం. ఫర్నేస్ 16 డిగ్రీల దగ్గర, ఒక్క హీటరు తక్కువ వేడి మీద మనుషుల దగ్గర. గొట్టాలున్న బయటి అరలో పెద్దాయన చెప్పినట్టు పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి, దేనికీ తగలకుండా వేలాడదీశాం. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు, దాని వేడి చాలదు. మురుగు ట్యాంకుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని ద్రవం) కొంచెం కొంచెం పోశాం, వాల్వు దగ్గర బిగుసుకోకుండా. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినది. కారు రేడియేటర్లో పోసేది సాధారణంగా విషపు ఇథిలీన్ గ్లైకాల్, దాన్ని నీళ్ల వ్యవస్థ దరిదాపులకు రానివ్వకూడదు. పొద్దున నీళ్లు వచ్చాయి. గ్యాస్ సుమారు రెండు గ్యాలన్లు అయింది. మా ఫర్నేస్ గంటకు 30,000 బీటీయూలది (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క), ఆగకుండా తిరిగితే మూడు గంటలకో గ్యాలన్ తాగుతుంది. సగం సేపు తిరిగిందన్నమాట. ఆ గ్యాస్ ఖర్చు కుళాయి ఖర్చు ముందు దిగదుడుపు.

బావగారు బయట కాఫీ పెడదామని తెచ్చిన చిన్న స్టవ్ మాత్రం వెలగలేదు. దాని డబ్బాలో బ్యూటేన్ ఉంది. సున్నా దాటి కిందికి వెళితే అది ఆవిరి కాదు. బండి ట్యాంకులోని ప్రొపేన్‌కైతే మైనస్ 42 దాకా ఇబ్బంది లేదు.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000 అడుగులు. ఉత్తరపు అంచుకు చలికాలంలో రోడ్డే మూసేస్తారు, దక్షిణం ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. మొదటి రాత్రి మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో, తర్వాత రెండు రాత్రులు దాని పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఉన్నాం. రెండూ నడిచి వెళ్లేంత దగ్గర, ఉండే తీరు మాత్రం వేరు.

మేథర్‌లో చెట్లెక్కువ, స్థలాల మధ్య ఎడం ఉంది, అందం అక్కడే. కరెంటు, నీళ్ల కనెక్షన్లు లేవు. 30 అడుగులకు మించిన బండి పట్టదు. జనరేటరు కొన్ని గంటలే నడపనిస్తారు. మేం తప్పు చేసింది బ్యాటరీ లెక్కలో. ఫర్నేస్ మంట గ్యాస్‌దే అయినా గాలి విసిరే ఫ్యాను బ్యాటరీది, ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. పాత రకం లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోగలం, చలికి అదీ తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాను నీరసంగా మూలిగి ఆగింది. ఇంజను వేసి చుట్టుపక్కల వాళ్లను లేపడం ఇష్టంలేక, నలుగురం ఒకే మంచం మీద ముడుచుకుని తెల్లవారేదాకా గడిపాం. లిథియం బ్యాటరీలు, సోలార్ ఉన్నవాళ్లు మేథర్‌కు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ట్రైలర్ విలేజ్‌లో స్థలాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, వాహనాల వరసే తప్ప అడవి అనిపించదు. కానీ కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్నాయి, ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) కిటికీ పక్కనుంచే నడిచిపోతాయి. అలాంటి చోట కూడా నీళ్ల గొట్టాన్ని రాత్రి తగిలించి ఉంచకూడదు. పగలు ట్యాంకు నింపుకుని, గొట్టం దులిపి లోపల పెట్టి, పంపుతో వాడుకున్నాం. వాడిన నీళ్ల వాల్వు మూసే ఉంచి, ట్యాంకు నిండాకే ఒక్క ఊపున వదిలాం. మాకు రెండు బండ్ల అవతల ఒకాయన వాల్వు తెరిచి ఉంచితే, చుక్కచుక్కగా కారిన నీరు మురుగు గొట్టంలో గడ్డకట్టింది. మర్నాడు దాన్ని కర్రలా పట్టుకుని నడుస్తున్నాడు. స్నానాలకు మాత్రం మేథర్ దగ్గరి స్నానశాలకే వెళ్లాలి, డబ్బులు కట్టాలి, వేడినీళ్లు ధారాళంగా వస్తాయి. బండిలో నీళ్లు పొదుపు చేసుకున్న వారం తర్వాత ఆ స్నానం వైభోగం.

తేమ గురించి చెప్పకపోతే ఈ రాత అసంపూర్ణం. నలుగురి ఊపిరి, వంట ఆవిరి ఎక్కడికి పోతాయి? కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. ఫర్నేస్ పొగ బయటికి పోతుంది, స్టవ్ ఆవిరి లోపలే ఉంటుంది. అయిదో రోజు పొద్దున కిటికీ అద్దం లోపలి వైపు పేరుకున్న మంచు మీద మా అమ్మాయి గోటితో ఎల్క్ బొమ్మ గీసింది. పరుపు ఎత్తి చూస్తే అడుగు చెమ్మగా ఉంది. పైకప్పు గవాక్షం వేలెడంత తెరిస్తే వెచ్చదనం పోతుందని అనుకున్నాం, తెరిచాక పొడిగాలికి ఇంకా హాయిగా అనిపించింది. స్టవ్ వెలిగించి గది వేడిచేయడం జోలికి అసలు వెళ్లకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బండి తీసుకోగానే దాని అలారం బటన్ నొక్కి చూసుకోవాలి.

డ్రైవరు సీటు చుట్టూ ఉన్న అద్దాలకు వెండి రంగు బుడగల షీటు కోసి అతికించి, సీట్ల వెనక మందపాటి దుప్పటి తెరలా కట్టాం. ఆ ఒక్క దుప్పటి మా రెండో హీటరు కంటే ఎక్కువ పనిచేసింది.

లాస్ వేగాస్‌లో బండి అప్పగించినప్పుడు కుళాయి ఖర్చు డిపాజిట్‌లోంచి కోశారు, వాదించలేదు. పక్క వరసలో ఇద్దరు చిన్నపిల్లలతో ఒక జంట మా బండిలాంటిదే తీసుకుంటున్నారు. ఉద్యోగి వాళ్లకు టీవీ రిమోటు చూపిస్తున్నాడు. నేను సామాన్లు సర్దుతూ తల తిప్పేసరికి బావగారు లేరు. చూస్తే వాళ్ల బండి వెనక నిలబడి, పక్కగోడలో ఉన్న చిన్న తలుపు తీసి, ఆ పిల్లల తండ్రిని రమ్మని చేయి ఊపుతున్నారు.