స్టాండు లేకుండా చంద్రగిరి కోట: ఆరేళ్లు వాడిన వైడ్ లెన్స్

ఈ వైడ్ లెన్స్, అంటే దగ్గర్నుంచే ఎక్కువ వెడల్పు పట్టే జూమ్ లెన్స్, 10 మి.మీ. దగ్గర మొదలవుతుంది, ప్లాస్టిక్ బాడీ, బరువు తక్కువ. మిగతా లెక్కలు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది దీంట్లోని స్టెబిలైజర్ గురించి, అంటే చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు గురించి. ఆరేళ్లుగా నాచేత పాత కట్టడాల ఫొటోలు తీయించింది అదే, ఒకసారి నడిదారిలో చెయ్యిచ్చిందీ అదే.

మాది తిరుపతి. లెన్స్ కొన్న కొత్తలో ట్రైపాడ్ భుజాన వేసుకుని చంద్రగిరి వెళ్లాను. "స్టాండు లోపలికి వద్దు సార్, దానికి పర్మిషన్ తెచ్చుకోవాల" అని గేటు దగ్గరే ఆపేశాడు కాపలా ఆయన. ఆయన తప్పేమీ లేదు. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు గానీ, స్టాండు పెట్టాలంటే ముందే అనుమతి ఉండాలి. ట్రైపాడ్‌ను ఆయన దగ్గరే వదిలేసి రాణి మహల్ కింది అంతస్తులోకి నడిచాను. బయట ఎండ కళ్లు చెదరగొడుతుంటే కమానుల కింద చీకటి. నా కుడి మణికట్టు ఒకప్పుడు విరిగి అతుక్కుంది, కెమెరా ఎత్తితే చెయ్యి కాస్త వణుకుతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 400, షట్టర్ పావు సెకను తెరిచి ఉండేట్టు పెట్టి బటన్ సగం నొక్కాను. వ్యూఫైండర్‌లో బొమ్మ సన్నగా ఊగి, ఎవరో పట్టుకుని ఆపినట్టు నిలబడిపోయింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, సున్నం పెచ్చు ఊడిన చోట ఇటుకల మధ్య సందులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఆ రాత్రి ఎంతసేపు చూశానో నాకే తెలియదు. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు లేపిన రాజ మహల్ పక్కనే ఉన్నా, చాలాకాలం నా మనసంతా ఆ కింది కమానుల మీదే ఉండింది.

ఇక గండికోట సంగతి. నాలుగో ఏడు, నేనూ మా బావమరిదీ బైకు మీద జమ్మలమడుగు మీదుగా వెళ్లాం. పెన్నా లోయ, జామా మసీదు, మాధవరాయ గుడి అన్నీ వెలుతురులో హాయిగా తీసుకున్నాను. నా ఆశంతా ధాన్యాగారం లోపల, ఆ కమాను కప్పు కింది మసక వెలుగు మీద. లోపలికెళ్లి బటన్ నొక్కగానే లెన్స్ లోంచి గరగరమని చప్పుడు. బొమ్మ నిలబడకపోగా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. ఆపి, తీసి, మళ్లీ తగిలించాను. అదే చప్పుడు. అంత దూరం వచ్చి ఇదేం గతి అని నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. మా వాడే మెడలో తువ్వాలు తీసి, "రాయి మీద పెట్టి తీయకూడదా బావా?" అన్నాడు. స్టెబిలైజర్ స్విచ్ ఆపేసి, తువ్వాలును మడతపెట్టి రాతి అంచు మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి ఊపిరి బిగపట్టాను. ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్నది ఆ ఫొటోనే.

తర్వాత చెన్నైలో రిపేరు చేసినతను విప్పి చూపించాడు. చెయ్యి కదలికను చిన్న సెన్సర్లు పసిగడితే, దానికి వ్యతిరేక దిశలో లెన్స్ లోపలి ఒక గాజు ముక్క జరుగుతుందట. ఆ ముక్కను పట్టి ఉంచే భాగం దెబ్బతింది. బైకు పక్క సంచిలో ఏళ్ల తరబడి అదురుతూ తిరిగినందుకే అయ్యుంటుందన్నాడు. రిపేరుకు లెన్స్ కొన్న ధరలో మూడో వంతు అయింది. అప్పట్నుంచీ కెమెరా నా వీపు మీదే.

పాత కట్టడాలకు వైడ్ లెన్స్ ఒక్కటుంటే చాలని మొదట్లో అందరికీ చెప్పాను. అది అంత నిజం కాదు. గుడిమల్లం శివాలయంలో ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగే ఆ గర్భగుడి విమానం వెనక భాగాన్ని దగ్గర్నుంచి 10 మి.మీ.లో తీస్తే వీపు సాగిపోయి, అసలు వంపే పోయింది. జూమ్ 18 మి.మీ.కి పెట్టి, పది అడుగులు వెనక్కి జరిగితేనే అది గుడిలా కనబడింది. రాజ మహల్ ముందు నిలబడి లెన్స్ పైకెత్తితే గోడలు వెనక్కి వాలిపోతాయి. ఆదివారం జనంలో పావు సెకను పెడితే రాయి నిలబడుతుంది గానీ మనుషులు పొగలా సాగుతారు, స్టెబిలైజర్ వాళ్లను ఆపదు. శిల్పాల ముఖాలకు ఎలాగూ వేరే లెన్స్ కావాలి.

మీ చెయ్యి నిలకడగా ఉంటే, లేదా కెమెరా బాడీలోనే స్టెబిలైజర్ ఉంటే, దీనికి డబ్బు పెట్టమని చెప్పను. నాకు మణికట్టు అలాంటిది, తిరిగేవి స్టాండు రానివ్వని చోట్లు, వేరేది కొనే స్తోమత ఇప్పుడు లేదు. కాబట్టి నా దగ్గర ఇదే ఉంటుంది. కార్తీకంలో సిద్ధవటం కోటకు అనుకుంటున్నాం. ఈసారి బస్సులో. తువ్వాలు మాత్రం మరిచిపోకుండా తెమ్మని మా వాడికి ముందే చెప్పాను.