టెక్సాస్ రూల్సా, ఫెడరేషన్ రూల్సా? హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఏది మేలు?

జార్జియా నుంచో న్యూజెర్సీ నుంచో డాలస్ వైపు వచ్చిన మనవాళ్ళు ఆగస్టు రాగానే నన్ను అడిగేది ఒకటే. "అన్నా, మావాడు అక్కడ ఆడినదీ ఫుట్‌బాలే, ఇక్కడ ఆడుతున్నదీ ఫుట్‌బాలే. మరి రూల్స్‌లో ఇంత తేడా ఏంటి? ఏవి మంచివి?" రెఫరీగా చేరాలనుకునే కుర్రాళ్ళు, మిడిల్ స్కూల్ జట్లకి సాయం చేస్తున్న నాన్నలు కూడా ఇదే అడుగుతున్నారు. జార్జియాలో ఫెడరేషన్ రూల్స్‌తో రెఫరీగా చారల చొక్కా వేసుకున్నాను, ఇప్పుడు టెక్సాస్‌లో కాలేజీ రూల్స్‌తో వేసుకుంటున్నాను. అందుకని నాకు తోచింది ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు నేపథ్యం. దాదాపు దేశమంతా ఇండియానాపొలిస్‌లోని ఎన్ఎఫ్‌హెచ్ఎస్ (రాష్ట్రాల హైస్కూల్ సంఘాల జాతీయ ఫెడరేషన్) రాసే రూల్స్ పుస్తకంతో ఆడుతుంది. మా అఫీషియల్స్ దాన్ని ఫెడరేషన్ రూల్స్ అంటారు. టెక్సాస్‌లో మాత్రం హైస్కూల్ ఆటల్ని నడిపే సంస్థ యూఐఎల్, కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ పుస్తకాన్ని తీసుకుని, తనకి కావలసిన మినహాయింపులు కలుపుకుంటుంది. మసాచుసెట్స్ కూడా చాలాకాలం కాలేజీ రూల్స్‌తోనే ఆడి, 2019లో ఫెడరేషన్ వైపు వచ్చేసింది. టెక్సార్కానా లాంటి ఊళ్ళో అయితే రాష్ట్ర సరిహద్దు ఊరి మధ్యలోంచే పోతుంది. ఒకవైపు హైస్కూల్‌ది ఒక పుస్తకం, ఇంకోవైపు హైస్కూల్‌ది ఇంకో పుస్తకం.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. హైస్కూల్ ఆటకి ఫెడరేషన్ రూల్సే మేలు. ఒక్క విషయంలో మాత్రం టెక్సాస్‌దే న్యాయం, అది చిన్న విషయం కూడా కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ రెండింటినీ పోల్చేవాళ్ళు సాధారణంగా ఓవర్‌టైమ్ ఎక్కడి నుంచి, టచ్‌బ్యాక్ ఎక్కడికి అని మొదలుపెడతారు. నేను ముందు చూసేది మైదానంలో ఎంతమంది అఫీషియల్స్ ఉన్నారని. పెద్ద కాలేజీ మ్యాచ్‌కి ఎనిమిది మంది ఉంటారు, పైన రీప్లే బూత్ ఉంటుంది. హైస్కూల్ వార్సిటీ (స్కూల్ మొదటి జట్టు) మ్యాచ్‌కి మామూలుగా ఐదుగురు: రెఫరీ, అంపైర్, లైన్స్‌మన్, లైన్ జడ్జ్, బ్యాక్ జడ్జ్. కొన్ని పెద్ద మ్యాచ్‌లకి ఏడుగుర్ని పెడతారు. జేవీ (రెండో జట్టు) మ్యాచ్‌కి నలుగురు దొరికితే గొప్ప. వీళ్ళంతా పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ట్రాఫిక్‌లో పడి వచ్చినవాళ్ళే. ఇరవై రెండు మంది కుర్రాళ్ళని ఈ ఐదుగురే చూడాలి. కాలేజీ రూల్స్ రాసేవాళ్ళ మనసులో ఉండేది ఎనిమిది మంది, ఒక బూత్. అదే రూల్‌ని ఐదుగురి చేతిలో పెడితే కాగితం మీద ఒకటుంటుంది, మైదానంలో ఇంకోటి జరుగుతుంది.

ఆర్‌పీఓనే, అంటే పరుగో పాసో చివరి క్షణంలో తేల్చుకునే ఎత్తునే తీసుకోండి. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టినట్టే పెట్టి, డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్ ఒక అడుగు ముందుకి వేయగానే వెనక్కి లాగేసి అతని తల మీదుగా విసురుతాడు. ముందున్న ఆఫెన్స్ లైన్‌మెన్ రన్ అనుకునే తోసుకుంటూ పోతుంటారు. పాస్ చెయ్యి దాటేసరికి వాళ్ళు బంతి మొదలైన గీత దాటి ఎంత దూరం పోయారన్నదే ప్రశ్న. ఫెడరేషన్‌లో రెండు యార్డుల వరకే ఒప్పు, కాలేజీలో మూడు. ఒక్క యార్డే కదా అనిపిస్తుంది. ఐదుగురి జట్టులో ఆ పని ముఖ్యంగా అంపైర్ మీద పడుతుంది. ఆయన లైన్‌బ్యాకర్ల వెనకాల నిలబడి సెంటర్, గార్డుల చేతుల్ని చూస్తుంటాడు, హోల్డింగ్ (చేత్తో పట్టి ఆపడం) ఉందా లేదా అని. అదే క్షణంలో బంతి ఎప్పుడు వదిలాడో, గార్డు అప్పటికి ఏ గీత మీద ఉన్నాడో కూడా చూడాలి. మనిషి కన్ను అనుమానం ఉన్నప్పుడు ఇంకో యార్డు వదిలేస్తుంది. అంటే మూడు యార్డుల రూల్ నాలుగు, ఐదు యార్డులవుతుంది. లైన్‌మన్ కదలికని సరిగ్గా చదివి రన్ ఆపడానికి ముందుకొచ్చిన పదహారేళ్ళ లైన్‌బ్యాకర్ మోసపోతాడు, తప్పు అతనిది కాదు. రెండు యార్డుల రూల్‌లో ఆ వదిలేసేది కలిపినా మూడు దగ్గరే ఫ్లాగ్ (తప్పు జరిగిందని అఫీషియల్ విసిరే గుడ్డ) పడుతుంది. టెక్సాస్ కోచ్‌లకి నా మాట నచ్చదు, వాళ్ళ పాసింగ్ ఆటకి ఆ యార్డు ప్రాణం. ఆ ఆట చూడటానికి బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను.

టార్గెటింగ్, అంటే తలకి గురిపెట్టి లేదా తలతో గుద్దడం, ఇంకా పెద్ద సంగతి. కాలేజీలో 2013 నుంచి టార్గెటింగ్ ఫ్లాగ్ పడిందంటే 15 యార్డులతో పాటు ఆ ఆటగాడు బయటికి. పైన బూత్‌లో నాలుగు కోణాల నుంచి చూసి, కాదనుకుంటే మళ్ళీ లోపలికి పంపుతారు. అంత పెద్ద శిక్ష పెట్టగలిగింది ఆ రెండో చూపు ఉండబట్టే. మామూలు శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌లో ఆ బూత్ ఎక్కడిది? ఫెడరేషన్ 2014లో టార్గెటింగ్‌ని విడిగా నిర్వచించి, శిక్ష 15 యార్డులే పెట్టింది. మరీ ఘోరంగా ఉంటేనే బయటికి పంపడం, అది అఫీషియల్ నిర్ణయం. కొందరు దీన్ని మెతకదనం అంటారు. నా అనుభవంలో జరిగేది వేరు. ఫ్లాగ్ వేస్తే పిల్లవాడు బయటికే అని తెలిసినప్పుడు, సగం సెకను చూసిన దాని మీద అఫీషియల్ చెయ్యి నడుము దగ్గరే ఆగిపోతుంది. 15 యార్డులే అయితే అనుమానం ఉన్న ప్రతి తల దెబ్బకీ ఫ్లాగ్ పడుతుంది. పిల్లల తలలు కాపాడేది ఎక్కువసార్లు పడే ఫ్లాగే అని నా గట్టి నమ్మకం.

భద్రత మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చూడని వైపు నుంచి వచ్చి గుద్దే బ్లైండ్‌సైడ్ బ్లాక్‌ని ఫెడరేషన్ 2017లోనే ఆపింది. కాలేజీ 2019లో ఆపింది. కిక్‌ఆఫ్‌లో బంతి గోల్ లైన్ దాటిందంటే ఫెడరేషన్‌లో ఆట అక్కడితో ఆగిపోతుంది, ఎండ్ జోన్ లోంచి పరిగెత్తుకు రావడం ఉండదు. ఎదురెదురుగా పూర్తి వేగంతో ఢీకొట్టుకునే సందర్భాలు అంత మేర తగ్గినట్టే. నడుము కింద బ్లాక్ విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే వైపు వెళుతున్నారు. స్నాప్ (సెంటర్ బంతి వెనక్కి ఇచ్చి ఆట మొదలుపెట్టడం) పడిన వెంటనే చేస్తే తప్ప కుదరదని ఫెడరేషన్ 2021లో బిగించింది, 2022లో కాలేజీ కూడా దాదాపుగా ట్యాకిల్ బాక్స్ (లైన్ మధ్య భాగం) వరకే పరిమితం చేసింది.

ఇప్పుడు టెక్సాస్ వైపు న్యాయం ఉన్న విషయం. డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్, అంటే పాస్ అందుకోబోయేవాడిని డిఫెన్స్ అక్రమంగా అడ్డుకోవడం.

నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), ఫస్ట్ డౌన్ (మళ్ళీ నాలుగు ప్రయత్నాలు) రావడానికి 20 యార్డులు కావాలి. ఆఖరి నిమిషాలు. రిసీవర్ 30 యార్డుల అవతల డిఫెన్స్ కార్నర్‌బ్యాక్‌ని దాటేశాడు. బంతి గాల్లో ఉండగానే కార్నర్ అతని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని కిందికి లాగాడు. రిసీవర్ ఒంటి చేత్తో అందుకోబోయాడు, వేళ్ళకి తగిలి బంతి నేల మీద పడింది. పసుపు ఫ్లాగ్ పడింది. ఆఫెన్స్ వైపు అందరూ గంతులేస్తున్నారు. జార్జియాలో నేను సైడ్‌లైన్ దగ్గరికి వెళ్ళి కోచ్‌కి చెప్పాల్సింది ఇది: 15 యార్డులు, మళ్ళీ నాలుగో డౌన్, ఇంకా ఐదు యార్డులు కావాలి. "ఫస్ట్ డౌన్ కాదా?" అని ఆయన నా ముఖంలోకి చూస్తాడు. కాదు. 2013లో ఫెడరేషన్ ఆటోమేటిక్ ఫస్ట్ డౌన్‌ని తీసేసింది. అదే సమయంలో ఆఫెన్స్ తప్పుకి డౌన్ పోవడాన్ని కూడా తీసేసింది, అంటే రెండు వైపులా సమం చేద్దామనే ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కానీ ఫలితం న్యాయంగా లేదు. దాటిపోయిన రిసీవర్‌ని పట్టి లాగేయడమే డిఫెన్స్‌కి లాభసాటి అవుతోంది, తెలివైన కోచ్ అది నేర్పిస్తాడు కూడా. కాలేజీ రూల్స్‌లో అదే తప్పుకి ఫస్ట్ డౌన్ వస్తుంది. టెక్సాస్‌కి వచ్చాక ఈ ఒక్క ఫ్లాగ్ వేసేటప్పుడు నా మనసుకి హాయిగా ఉంటుంది. ఫెడరేషన్ కమిటీ దీన్ని వెనక్కి తేవాలి.

అయితే ఇక్కడ కూడా ఐదుగురి లెక్క వదలదు. కాలేజీలో తప్పు 15 యార్డుల లోపల జరిగితే బంతి పెట్టేది తప్పు జరిగిన చోటే. అంటే ఇంటర్‌ఫియరెన్స్ చూసిన అఫీషియల్ ఆ చోటు కూడా గుర్తుపెట్టుకోవాలి. పైగా ఆ బంతి అందుకోగలిగేదా కాదా అన్న నిర్ణయం కూడా ఆయనదే. ఫెడరేషన్‌లో ఈ రెండూ అడగరు, స్నాప్ చోటు నుంచి 15 యార్డులు కొలవడమే. నన్నడిగితే ఫెడరేషన్ కొలత ఉంచి, దానికి కాలేజీ ఫస్ట్ డౌన్ చేర్చితే చాలు.

"ఫెడరేషన్ వాళ్ళు మారరు, పాతబడిపోయారు" అని టెక్సాస్‌లో తరచూ వింటాను. ఒప్పుకోను. 2019లో 40 సెకన్ల ప్లే క్లాక్ తెచ్చారు. అంతకుముందు రెఫరీ విజిల్ వేశాక 25 సెకన్లు ఉండేది. ఒక రెఫరీ త్వరగా వేసేవాడు, ఒకాయన నెమ్మదిగా వేసేవాడు, ఆట వేగం ఆయన చేతిలో ఉండేది. 2022లో క్వార్టర్‌బ్యాక్ ఒత్తిడి తప్పించుకుని పక్కకి వచ్చాక బంతిని లైన్ దాకా విసిరేసే వీలు ఇచ్చారు. 2023లో ఇంకా ముఖ్యమైన మార్పు వచ్చింది. 40 యార్డుల గీత మీద ఫస్ట్ డౌన్ అనుకోండి. ఆఫెన్స్ లైన్‌లో ఆడే ట్యాకిల్ ఆరు యార్డుల వెనక హోల్డింగ్ చేశాడు. పాత రూల్ ప్రకారం 34 నుంచి పది కొలిచి 24 మీద పెట్టేవాళ్ళం, ఫస్ట్ డౌన్‌కి 26 యార్డులు. ఆ డ్రైవ్ అక్కడితో ముగిసినట్టే. ఇప్పుడు స్నాప్ చోటు నుంచే కొలిచి 30 మీద పెడతాం, 20 యార్డులు. 2025లో ఫంబుల్ అయి (చేతిలోంచి జారి) ముందుకి దొర్లి పక్క గీత దాటిన బంతిని ఫంబుల్ అయిన చోటికే తెచ్చారు. ఇవన్నీ కాలేజీలో ఎప్పటి నుంచో ఉన్నవే.

ఆ ఆలస్యమే నాకు నచ్చుతుంది. కాలేజీ వాళ్ళు ఒక రూల్ పెట్టి, కొన్నేళ్ళు ఆడి, లోటుపాట్లు బయటపెడతారు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కొక్కరు కూర్చున్న ఫెడరేషన్ కమిటీ, పద్నాలుగేళ్ళ పిల్లవాడికి, ఐదుగురు అఫీషియల్స్‌కి ఏది పనికొస్తుందో ఏరుకుని తీసుకుంటుంది. టెక్సాస్‌లో వరస తిరగబడుతుంది. కాలేజీ మార్పు ముందు వచ్చేస్తుంది, ఇష్టం లేకపోతే యూఐఎల్ మినహాయింపు రాసుకోవాలి. కాలేజీ మార్పుల్లో టీవీ ప్రసారం, ఆట నిడివి లెక్కలు కూడా ఉంటాయి. 2023లో ఫస్ట్ డౌన్‌కి గడియారం ఆపకపోవడం, 2024లో రెండు నిమిషాలు మిగిలినప్పుడు ఇచ్చే టైమౌట్ అలాంటివే. హైస్కూల్ ఆటకి ఆ లెక్కలతో పని లేదు.

టెక్సాస్‌కి అనుకూలంగా చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆలెన్‌లో 18 వేల మంది పట్టే స్టేడియం కట్టుకున్న రాష్ట్రం ఇది, ఇక్కడి నుంచి కాలేజీకి వెళ్ళే ఆటగాళ్ళు ఎక్కువ. శుక్రవారం ఆడిన రూల్స్‌నే శనివారం టీవీలో చూస్తారు, కాలేజీకి వెళ్ళాక కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. కాలేజీ స్థాయికి ఎదగాలనుకునే రెఫరీకి కూడా ఒకే పుస్తకంతో పని నడుస్తుంది. మీరు ఆ దారిలో ఉంటే టెక్సాసే మంచి బడి. కానీ హైస్కూల్ జట్టులో ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అదే ఆఖరి ఫుట్‌బాల్. దేశవ్యాప్తంగా పది లక్షలకు పైగా పిల్లలు ఆడే ఆటకి రూల్స్ ఆ కొద్దిమందిని చూసి రాయడం నాకు సరి అనిపించదు. పైగా 2018-19 తర్వాత అన్ని ఆటల్లో కలిపి సుమారు 50 వేల మంది అఫీషియల్స్ తప్పుకున్నారని ఫెడరేషనే చెప్పింది. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన అనుభవజ్ఞుడు ఇక్కడ మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవాలంటే కొందరు వద్దనుకుంటారు.

ఓవర్‌టైమ్ గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. స్కోరు సమమైతే ఆడే ఆ అదనపు ఆట ఫెడరేషన్ సూచించే పద్ధతిలో గోల్ లైన్‌కి పది యార్డుల నుంచి, కాలేజీలో 25 నుంచి. పది నుంచి అయితే త్వరగా తేలుతుంది, అలసిపోయిన పిల్లలకి అది మంచిదే. ఇక చిన్న ఊళ్ళలో జట్టుకి ఆరుగురితో ఆడే సిక్స్‌మన్ ఫుట్‌బాల్ వేరే ఆట. 80 యార్డుల మైదానం, ఫస్ట్ డౌన్‌కి 15 యార్డులు. దాన్ని ఈ పోలికలోకి తేవాల్సిన పని లేదు. అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్ సంగతీ అంతే.

ఈ సీజన్‌లో వేరే రాష్ట్రం నుంచి టెక్సాస్‌కి మారిన పిల్లలకి మొదటి ప్రాక్టీస్ లోపే రెండు విషయాలు చెప్పండి. ఒకటి, కిక్‌ఆఫ్ ఎండ్ జోన్‌లోకి వచ్చి మీవాడి చేతికి తగిలి జారిందంటే ఆ బంతి ఇంకా ఆటలోనే ఉన్నట్టు. ఫెడరేషన్ అలవాటుతో వదిలేసి నడిచొస్తే అవతలివాడు పడి టచ్‌డౌన్ తీసుకుంటాడు. రెండోది టచ్‌డౌన్ తర్వాత రెండు పాయింట్ల ప్రయత్నం. ఫెడరేషన్‌లో డిఫెన్స్ చేతికి బంతి చిక్కగానే అది అయిపోతుంది. ఇక్కడ డిఫెన్స్ దాన్ని అవతలి గోల్ లైన్ దాకా తీసుకెళితే వాళ్ళకే రెండు పాయింట్లు. క్వార్టర్‌బ్యాక్ పాస్ ఇంటర్‌సెప్ట్ అయ్యాక తల పట్టుకుని నిలబడకూడదు, వెంటపడి పట్టుకోవాలి.