గోంగూర పచ్చడి పేజీ మళ్లీ పైకొచ్చింది

గుంటూరులో మాది పచ్చళ్ల వ్యాపారం. 2024 మార్చిలో గూగుల్ కోర్ అప్‌డేట్ (వెతికితే ఏ పేజీ పైన రావాలో గూగుల్ తేల్చే పద్ధతిలో పెద్ద మార్పు) మొదలయ్యాక వెబ్‌సైట్ ఆర్డర్లు దారుణంగా పడిపోయాయి. మా వెబ్‌సైట్ చూసిన పాత ఏజెన్సీవాళ్లు ఊరి పేరు మాత్రం మార్చి, ‘తెనాలిలో గోంగూర పచ్చడి’, ‘విజయవాడలో గోంగూర పచ్చడి’ అంటూ 40 పేజీలు పెట్టారు. లోపల రాసిందంతా ఒకటే.

బ్రాడీపేటలో వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే పని చేసే ఈ ఆఫీసు మేడమ్ ముందు వాటన్నిటినీ తీయించారు. తర్వాత మా అమ్మ పక్కన కూర్చుని, గోంగూర కడిగాక తడి లేకుండా ఎందుకు ఆరబెట్టాలో, కారం ఎక్కడ పట్టిస్తామో అడిగి రాసుకున్నారు. ఫోటోలు కూడా మా వంటింట్లోనే తీశారు. ఫలితానికి తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా ఆగాల్సి రావచ్చని ముందే చెప్పారు. మొదటి ర్యాంకు గ్యారంటీ అనలేదు, అందుకే నమ్మాను.

ఆగస్టు అప్‌డేట్ తర్వాత మెల్లగా కోలుకున్నాం. ఫీజు కాస్త ఎక్కువే. మా ఆవకాయ పేజీ కూడా వాళ్లకే అప్పగించాను.