మడమ నొప్పికి ఏది మేలు: సాగదీయడమా, బలం పెంచడమా, చెప్పులు మార్చడమా, ఇంజెక్షనా?

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు పోటు. పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. అరగంట కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. నొప్పి ఈ వరసలో ఉంటే అది చాలావరకు ప్లాంటార్ ఫేసియైటిస్. మడమ ఎముక అడుగు నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి వంపు కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది మడమ ఎముకను అంటుకునే చోట దెబ్బతింటే వచ్చే నొప్పి ఇది. మడమ కింద, లోపలి వైపు, ముందు అంచున బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ఒక్కచోటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటే చోటు అదే.

దీనికి సలహాలకు కొదవ లేదు. పక్కింటావిడ ఎంసీఆర్ చెప్పులంటుంది, ఆఫీసులో ఒకాయన ఇంజెక్షన్ ఒక్కటి చాలంటాడు, ఇంట్లో పెద్దవాళ్లు ఉప్పు కాపడం పెట్టమంటారు. అన్నిట్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే కొన్ని ఇవాళ్టి నొప్పిని ఓర్చుకోవడానికి పనికొస్తాయి, కొన్ని రాబోయే మూడు నెలల్లో ఆ పట్టీని మళ్లీ బరువు మోసేలా చేస్తాయి. మొదటి రకంతో కాస్త తేలిక అవగానే రెండో రకాన్ని వదిలేయడం వల్లే చాలామందికి ఇది ఏడాదికి పైగా సాగుతుంది.

ఎక్స్‌రేలో ‘మడమలో ఎముక పెరిగింది’ అని చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. ముల్లులా పొడుచుకొచ్చిన ఆ ఎముక, నొప్పి లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. నొప్పి పూర్తిగా తగ్గినవాళ్లలోనూ అలాగే ఉండిపోతుంది. ఇంకో సంగతి: ఈ నొప్పికి ఆపరేషన్ అయిన 50 మంది కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 2003లో ప్రచురించారు. అందులో వాపు జాడలు లేవు, అరిగి చెదిరిన నారలు కనిపించాయి. వాపు బిళ్లలు వేసుకుంటే నాలుగు రోజులు నెమ్మదించి మళ్లీ తిరగబెట్టడానికి కారణం ఇక్కడే ఉంది. అరిగిన నారకు కావలసింది కొలతగా పెరిగే బరువు, దానికి తగినంత సమయం.

సాగదీయడమా, మడమలు ఎత్తడమా?

అసలైన పోలిక ఇదే. మిగతావన్నీ వీటికి తోడు మాత్రమే.

సాగదీయడం ఇలా: మంచం మీదే కూర్చుని నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. అదే వైపు చేత్తో వేళ్లను మొదళ్ల దగ్గర పట్టుకుని ముంగాలి వైపు వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపును తడిమితే పట్టీ బిగుసుకుని తగలాలి. తగలకపోతే సాగదీత సరిగ్గా పడనట్టే. 10 సెకన్లు ఉంచి వదలండి. అలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. మొదటి విడత పొద్దున నేల మీద కాలు మోపకముందే అవ్వాలి. 101 మందితో అమెరికాలో జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, 8 వారాల తర్వాత మొదటి అడుగుల నొప్పి తగ్గడంలో ఈ పద్ధతి పిక్కను మాత్రమే సాగదీసే పద్ధతి కన్నా మెరుగ్గా తేలింది.

ఎక్కువమంది మూడు చోట్ల తప్పుతారు. వేళ్ల కొసలు పట్టుకుని లాగితే వేళ్ల కణుపులే వంగుతాయి, పట్టీ మీద లాగుడు పడదు. బాత్రూముకు వెళ్లొచ్చాక చేస్తే పొద్దుటి దెబ్బ అప్పటికే పడిపోయి ఉంటుంది. మూడోది, నొప్పి పుట్టేదాకా లాగడం. బిగువు తెలియాలి గానీ పోటు రాకూడదు.

పిక్కను అసలే వదిలేయకూడదు. పిక్క బిగుసుకుపోయి చీలమండ పైకి వంగకపోతే ఒళ్లు బరువంతా ఈ పట్టీ మీద పడుతుంది. గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలిని వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించే ముందుకు వాలండి. మోకాలు నిటారుగా ఉంచి 30 సెకన్లు, కాస్త వంచి మరో 30 సెకన్లు. మూడేసి సార్లు చాలు. వెనక పాదం వేళ్లు బయటికి తిరిగిపోతే ఫలితం సగం పోతుంది, నేరుగా ముందుకే చూడాలి.

ఇక మడమలు ఎత్తడం. ఒక తువ్వాలును గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దాని మీద పైకి వంగి ఉండేలా ముందరి పాదంతో నిలబడండి. మడమ గాల్లో ఉండాలి. తువ్వాలు లేకుండా చేస్తే అది మామూలు పిక్క వ్యాయామమే అవుతుంది. వేళ్లు పైకి వంగి ఉంటేనే పట్టీ బిగుస్తుంది, బరువు దాని మీద పడుతుంది. ఒంటికాలి మీద 3 సెకన్లలో పైకి లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో కిందికి దిగాలి. గోడ పట్టుకోవచ్చు, తూలకుండా ఉండటానికి మాత్రమే. మొదటి రెండు వారాలు 12 సార్ల చొప్పున 3 విడతలు. తర్వాత వీపున సంచిలో పుస్తకాలో నీళ్ల సీసాలో వేసుకుని 10 సార్ల చొప్పున 4 విడతలు. మరో రెండు వారాలకు బరువు ఇంకాస్త పెంచి 8 సార్ల చొప్పున 5 విడతలు. ప్రతి విడత చివర ఇంకొకటి చేయలేను అనిపించేంత బరువు ఉండాలి. రోజు విడిచి రోజు చేయాలి, విడిచిన రోజునే నార కోలుకుంటుంది.

డెన్మార్క్‌లో 48 మందిని ఈ రెండు పద్ధతులకు విడదీసి చూశారు. మూడు నెలలకు మడమలు ఎత్తినవాళ్లు స్పష్టంగా ముందున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఇంచుమించు ఒకేచోటికి చేరాయి. అంటే సాగదీయడం వృథా కాదు, దాని దారి నెమ్మది, అంతే.

మా మాట ఇది. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న మొదటి రెండు వారాలు సాగదీయడంతోనే గడపండి. పొద్దుటి పోటు కొంచెం మెత్తబడగానే మడమలు ఎత్తడం కలపండి, కనీసం 12 వారాలు ఆపొద్దు. రోజంతా నిలబడే టీచర్లు, కానిస్టేబుళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లకు సాగదీయడం ఒక్కటే చాలదు, బలం కావలసిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఒంటికాలితో ఎత్తలేనివాళ్లు రెండు కాళ్లతో మొదలుపెట్టవచ్చు. చేసేటప్పుడు కొంత నొప్పి రావడం మామూలే. మర్నాడు పొద్దున మొదటి అడుగు నొప్పి ముందుకన్నా పెరిగితే మాత్రం బరువు ఎక్కువైందని లెక్క. మానేయకండి, ఒక మెట్టు వెనక్కి తగ్గండి.

ఎంసీఆర్ చెప్పులా, ఇన్‌సోలా, సిలికాన్ హీల్ కప్పా?

మన ఇళ్లలో ముందు చూడాల్సింది నేల. టైల్స్, మార్బుల్, గ్రానైట్ మీద ఒట్టి కాళ్లతో వంట, బట్టలు, అంట్లు అంటూ నాలుగైదు గంటలు నిలబడేవాళ్లకు ఏ వ్యాయామమూ పూర్తి ఫలితం ఇవ్వదు. చేసిన మేలును ఆ నేలే తిరిగి తీసేసుకుంటుంది.

ఎంసీఆర్ అంటే సన్నని గాలి గదులున్న మెత్తని రబ్బరు. కుష్ఠు వ్యాధితో స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా ఉండేందుకు వేలూరులో దీన్ని చెప్పుల్లో వాడటం మొదలుపెట్టారు. ఒత్తిడిని పాదమంతా పరచడం దాని పని, ఆ పని బాగానే చేస్తుంది. కానీ అడుగు చదునుగా ఉండే ఎంసీఆర్ చెప్పు అరికాలి వంపుకు ఆసరా ఇవ్వదు. పైగా రబ్బరు అణగిపోతుంది. కొనేటప్పుడు బొటనవేలితో నొక్కి వదలండి, గుంట వెంటనే పైకి లేవాలి. వాడుతున్న జతలో మడమ చోట గుంట నిలిచిపోతే పైకి ఎంత కొత్తగా కనిపించినా మార్చేయాలి. మడమ వెనక బెల్టు ఉన్న చెప్పులే మేలు. లేకపోతే చెప్పు జారకుండా వేళ్లు ముడిచి పట్టుకుని నడుస్తాం, దాంతో అరికాలు ఇంకా అలసిపోతుంది. బయట తిరిగినవి వంటగదిలోకి రానివ్వరు కాబట్టి ఇంట్లోకని వేరే జత పెట్టుకోండి, మంచం పక్కనే ఉండాలి.

బూట్లు వేసుకునేవాళ్లకు వంపు దగ్గర ఆసరా ఉన్న ఇన్‌సోల్ (బూటు లోపల పరిచే పొర) మేలు. పాదం అచ్చు తీసి చేయించుకునే ఖరీదైనవి తప్పనిసరేం కాదు. ఆస్ట్రేలియాలో 135 మందితో చేసి 2006లో వెల్లడించిన పోలికలో, ఏడాది తర్వాత అచ్చు తీసి చేసినవాటికీ రెడీమేడ్‌వాటికీ తేడా కనిపించలేదు. ముందు రెడీమేడ్‌వి వాడి చూడండి. బూటును రెండు చేతులతో పట్టి మెలితిప్పితే గుడ్డలా తిరిగిపోతే అందులో ఏ ఇన్‌సోల్ వేసినా దండగే. వంగితే వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో కాదు.

బూటులో మడమ కింద పెట్టుకునే సిలికాన్ హీల్ కప్ చవక, తేలిక. అయితే అది బాగా పనికొచ్చేది మడమ కింది కొవ్వు మెత్త పలచబడ్డ పెద్ద వయసువాళ్లకు. వాళ్ల నొప్పి మడమ నడిమధ్యన ఉంటుంది, నడిచేకొద్దీ పెరుగుతుంది. ఒక్క కాలికే నొప్పి ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి, లేకపోతే నడుము వంకరపోతుంది.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల సంగతి వేరు. మడమ నొప్పి ఇదివరకే ఉంటే మాల వేసుకోవడానికి రెండు మూడు నెలల ముందే మడమలు ఎత్తే వ్యాయామం మొదలుపెట్టాలి. దీక్షలో పొద్దుటి సాగదీత మానకూడదు, ఎక్కువసేపు నిలబడే చోట మందపాటి చాప వేసుకోవాలి. పాదానికి టేపు వేయించుకున్నా వారం పది రోజులు ఊరట ఉంటుంది. దాన్ని ఫిజియోథెరపిస్టు చేత వేయించుకోవడమే మంచిది.

ఐసా, కాపడమా?

రెండూ ఊరటకే. సాయంత్రం పని అయ్యాక మంట పుడుతుంటే ఐసు: అర లీటరు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డకట్టించి, పలచని గుడ్డ చుట్టి అరికాలి కింద 10 నిమిషాలు దొర్లించండి. పొద్దున బిగుసుకున్న పిక్కకు కాపడం హాయిగా ఉంటుంది, ఆ తర్వాత సాగదీయడం సులువు. కాపడంలో మేలు వేడిది, ఉప్పుది కాదు. షుగర్ వల్ల పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గినవాళ్లు ఐసూ వద్దు, కాపడమూ వద్దు. కాలినా తెలియదు, పుండు పడితే మానడం కష్టం.

రాత్రి పాదాన్ని లంబంగా నిలిపి ఉంచే స్ప్లింటు పొద్దుటి నొప్పికి పనిచేస్తుంది. నిద్ర చెడుతుందని చాలామంది వారంలోపే పక్కన పడేస్తారు. పొద్దుటి పోటే ప్రధాన బాధ అయినవాళ్లు ప్రయత్నించవచ్చు.

స్టెరాయిడా, పీఆర్‌పీయా, షాక్‌వేవా?

మూడు నెలలు పట్టుదలగా చేసినా మార్పు లేకపోతేనే ఈ ప్రశ్న. అంతకన్నా ముందు నొప్పి నిజంగా ఇదేనా అని డాక్టరు చేత చూపించుకోవాలి. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే నొప్పి ఎక్కువగా ఉంటే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఉండటం నరానికి సంబంధించినవి. కుర్ర వయసులో రెండు మడమలూ నొప్పి, తోడుగా పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము పట్టేయడం ఉంటే కీళ్లవాతం పరీక్షలు కావాలి. జ్వరం, ఎరుపు, రాత్రి నిద్రలోనూ ఆగని నొప్పి ఉంటే మూడు నెలలు ఆగకూడదు, వెంటనే చూపించుకోవాలి.

స్టెరాయిడ్ అన్నిటికన్నా త్వరగా పనిచేస్తుంది, అన్నిటికన్నా త్వరగా వాడిపోతుంది. అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ సమీక్షలో నెల రోజుల వరకు కొద్దిపాటి ఉపశమనం కనిపించింది, ఆ తర్వాత తేడా లేదు. రెండు నష్టాలున్నాయి. పట్టీ తెగిపోవడం ఒకటి, మడమ కింది కొవ్వు మెత్త కరిగిపోవడం రెండోది. కరిగిన మెత్త తిరిగి రావడం కష్టం. షుగర్ ఉన్నవాళ్లకు కొద్ది రోజులు చక్కెర పెరుగుతుంది, ముందే డాక్టరుకు చెప్పి రోజూ చూసుకోవాలి. బొత్తిగా నడవలేక వ్యాయామం కూడా మొదలుపెట్టలేనివాళ్లకు ఒకసారి వేయించుకోవడంలో అర్థముంది, వీలైతే అల్ట్రాసౌండులో చూస్తూ వేసేచోట. నొప్పి పోయింది కదా అని మర్నాడే పరుగులు, మెట్లు మొదలుపెట్టినప్పుడే పట్టీకి ముప్పు. తిరగబెట్టినప్పుడల్లా మళ్లీ మళ్లీ వేయించుకోవడాన్ని మేం గట్టిగా వద్దంటాం.

పీఆర్‌పీ అంటే మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని నొప్పి చోట ఎక్కించడం. మొదటి కొన్ని రోజులు నొప్పి పెరుగుతుంది, ఫలితం వారాల మీద మెల్లగా వస్తుంది. స్టెరాయిడ్ కన్నా ఎక్కువకాలం నిలిచినట్టు కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ తయారుచేసే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అందుకే ఫలితాలూ ఒకేలా లేవు. ఖర్చూ ఎక్కువే.

షాక్‌వేవ్‌లో సూది లేదు. వారానికి ఒకసారి చొప్పున 3 నుంచి 5 సార్లు, ఒక్కోసారి సుమారు 2,000 ధ్వని తరంగాల దెబ్బలు. చేసేటప్పుడు నొప్పిగానే ఉంటుంది. తేడా రెండు మూడు నెలల్లో తెలుస్తుంది. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చేయరు. కొవ్వు మెత్త కరిగే భయం లేదు, వ్యాయామం ఆపనక్కర్లేదు. అందుకే ఈ మూడింటిలో మొదట అడగాల్సింది షాక్‌వేవ్ అని మా అభిప్రాయం. అది అందుబాటులో లేకపోయినా, పనిచేయకపోయినా పీఆర్‌పీ గురించి ఆలోచించవచ్చు.

ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు చాలా తక్కువ. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాది లోపు కోతలేని పద్ధతులతోనే తగ్గుతుంది. పట్టీలో కొంత భాగం కోస్తే పాదం వంపు కుంగి, పాదం బయటి అంచున కొత్త నొప్పి మొదలయ్యే వీలుంది. ఎవరైనా ఆపరేషన్ చెబితే రెండు ప్రశ్నలు అడగండి: పట్టీలో ఎంత మేర కోస్తారు, బిగువంతా పిక్కలోనే ఉంటే దాన్ని వదులు చేసే చిన్న ఆపరేషన్ సరిపోదా?